రెండు గుండ్లు

గన్‌ఫౌండ్రీ గల్లీలో, జిరాక్స్ కొట్టు వెనక
మా షాపు పది దాటితే గానీ తెరుచుకోదు.
ముందు షట్టరు, ఆ వెంట చాయ్,
ఆ తర్వాతే తుపాకి.
ఈ వరస మొయినుద్దీన్ ఉస్తాద్ పెట్టింది.
చాయ్ పడని చెయ్యి వణుకుతుందట,
వణికే చేతికి మర లొంగదట.

స్వరాజ్యం వచ్చిన రోజు ముసురు.
చంకలో కర్ర, వీపున రైఫిల్ పెట్టె.
మూడు మెట్లెక్కి, స్టూలు మీద కూలబడి చెప్పింది:
"యాభై మీటర్లకు నల్లచుక్కల్నే పడుతున్నయన్నా.
వందకని పైగుబ్బ తిప్పితే చాలు,
గుండు పైకి పోతూ పోతూ కుడికి జారుతున్నది.
గాలి లేదు. నీ కన్నే తేడా అంటున్నడు కోచు."

కన్ను మీద నింద వేయడం సులువు.
దానికి మరలుండవు, విప్పి చూపించలేం.

స్కోపు విప్పాను.
వెనక రింగు లోపల ఒకవైపే అరిగి
నెలవంకంత మెరుపు.
గొట్టం అక్కడొక్కచోటే ఆనుతోంది,
తక్కిన చుట్టంతా ఉత్త సందు.
ముందు రింగుది ఒక చూపు, వెనక రింగుది ఒక చూపు,
మధ్యలో నలిగేది గొట్టం.
ఉక్కు కడ్డీకి గరుకు ముద్ద పూసి
రెండు రింగుల్లో కలిపి తోశాను, లాగాను,
తోశాను. మధ్యాహ్నం అజాన్ అయ్యేదాకా అదే పని.
నలుపు పోయి బూడిదరంగు సమంగా తేలింది.

ఇక నిలువు చూడాలి.
పక్కన కడుతున్న లాడ్జీలో
పాలమూరు మేస్త్రీ చెన్నప్పనడిగి తూకం గుండు తెచ్చాను.
ఎదురు గోడ మేకుకు దారం కట్టి
గుండును బకెట్ నీళ్లలోకి దించాను, ఊగకుండా.
చెన్నప్ప స్కోపులో కన్ను పెట్టాడు.
దారం పక్కన గోడ చూసి నవ్వాడు:
"నేను కట్టలే ఈ గోడ, ముందే చెప్తున్న."

బల్ల మీద తుపాకిని బిగించి, రసమట్టం పెట్టి
బుడగను నడుమకు తెచ్చాను.
అద్దంలోని నిలువు గీత
దారం మీద దారంలా పడింది.
అయిపోయిందనుకున్నాను.

ఆమె భుజానికెత్తుకోగానే
గీత దారాన్ని వదిలేసింది.
తుపాకి కుడికి ఒరిగింది, కొంచెమే,
వింటున్న మనిషి తల వంచినంత.
"నిటారుగా పట్టు" అన్నాను.
పట్టింది. మెడ నరం తేలింది, పెదవి బిగిసింది,
నాలుగు ఊపిర్లకే గొట్టం వణికింది.
"చిన్నప్పట్నుంచి ఈ భుజం ఇంతేనన్నా," అంది,
"నాకు నిలువంటే ఇదే."

ఉస్తాద్ కళ్లజోడు నుదుటికి నెట్టాడు.
"ఆమెను సర్దకు బేటా, గీతను సర్దు.
గుండు కిందికి దిగేది బల్లను చూసి కాదు,
మట్టిని చూసి."

మరలు మళ్లీ వదులు చేశాను.
ఆమె కళ్లు మూసుకుని తుపాకిని చెంపకు చేర్చుకుంది,
తనకు హాయైన చోట ఆగి, కళ్లు తెరిచింది.
నేను గొట్టాన్ని వెంట్రుకవాసి తిప్పడం,
ఆమె "ఇంకొంచెం" అనడం.
ఇంకొంచెం.
వానలో తడిసిన దారం
గీత వెనక మాయమైంది.
"ఆగు."

అప్పుడు బిగించాను, సైకిల్ చక్రానికి పుల్లలు బిగించినట్టు,
ఒక్కో మర పావు చుట్టు, ఎదురెదురుగా,
రెండువైపులా సందు ఒకటే ఉందా అని
కాగితం దూర్చి చూస్తూ.

వేలాడేదీ గుండే, ఎగిరిపోయేదీ గుండే.
రెంటినీ లాగేది ఒకటే నేలని
ఇన్నేళ్లు ఇనుము తోమినా నాకు తట్టలేదు.

ఐదింటికి చెన్నప్ప తన గుండు తీసుకుని
లుంగీకి తుడుచుకుంటూ పోయాడు.
పెట్టెలో పడుకోబెడితే ఆ రైఫిల్ మీద స్కోపు
వంకరగా కనిపిస్తుంది. చూసినవాళ్లు
పని రానివాడెవడో బిగించాడనుకుంటారు.
అనుకోనీ.

మూడు వారాలైంది. స్వరాజ్యం ఫోను చెయ్యలేదు.
మా షాపులో
అదే మంచి కబురు.